బాబాయి కారు, డన్‌లప్ గాలి

మా బాబాయి దగ్గర తాతయ్య కొన్న పాత అంబాసిడర్ ఉంది. సంక్రాంతికి అందరం అందులోనే మంగినపూడి బీచ్‌కి వెళ్లాలని ప్లాన్. టైర్లు అరిగిపోయాయని, రేడియల్స్ వేయించడానికి బందరులో ఒక షాపుకి తీసుకెళ్లాం. షాపాయన టైర్ల సంగతి పక్కనపెట్టి ముందు రిమ్ములు చూశాడు. పాత రిమ్ముల్లో చాలావాటికి, టైరు అంచు లోపలికి జారకుండా ఆపే చిన్న గట్టు ఉండదట. అందుకని రేడియల్‌కి పనికొచ్చే ట్యూబు వేయాలి, రిమ్ము వెడల్పు సరిపోవాలి, పాతవీ కొత్తవీ కలపకుండా అన్నీ ఒకేసారి మార్చాలి అన్నాడు.

విప్పిన టైరు మీద అరిగిన అక్షరాల్లో డన్‌లప్ అని ఉంది. అదొక కంపెనీ అనుకున్నా. ఇంటికొచ్చి చదివితే, ఒక పశువుల డాక్టరు!

జాన్ బాయ్డ్ డన్‌లప్ 1840లో స్కాట్లాండ్‌లోని డ్రెగ్‌హార్న్‌లో పుట్టాడు. పశువైద్యం చదివి, ఐర్లాండ్ వెళ్లి బెల్‌ఫాస్ట్‌లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడివన్నీ రాళ్లు పరిచిన రోడ్లు. కొడుకు జానీ మూడు చక్రాల సైకిలు తొక్కితే, గట్టి రబ్బరు చక్రాల దెబ్బకి ఒళ్లు హూనమయ్యేది. 1887లో డన్‌లప్ పలచటి రబ్బరుతో గొట్టం చేసి, చెక్క చక్రానికి చుట్టి, పైన గుడ్డ కప్పి మేకులు కొట్టి, గాలి నింపాడు. పెరట్లో రెండు రకాల చక్రాలూ దొర్లించి చూశాడు. గట్టిది మధ్యలోనే పడిపోయింది. గాలిది చివరిదాకా వెళ్లి గేటుకి కొట్టుకుని వెనక్కొచ్చింది. ఆయన మొదటి టెస్ట్ కేస్ అదే.

1888లో పేటెంట్ వచ్చింది. 1889లో విల్లీ హ్యూమ్ అనే కుర్రాడు ఈ టైర్లతో బెల్‌ఫాస్ట్ సైకిలు పందేలు గెలిచాడు. డబ్లిన్ వ్యాపారి హార్వే డు క్రో ముందుకొచ్చాడు, కంపెనీ మొదలైంది.

అంతలోనే పెద్ద దెబ్బ. రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఇంకో స్కాట్లాండ్ మనిషి 1845లోనే గాలి టైరుకి పేటెంట్ తీసుకున్నాడని బయటపడింది. అప్పటికి సైకిళ్ల కాలం రాలేదు, అందరూ మర్చిపోయారు. డన్‌లప్ పేటెంట్ చెల్లకుండా పోయింది.

కంపెనీని నిలబెట్టింది రిమ్ము. మేకులతో, జిగురుతో అంటించిన టైరుకి పంక్చరైతే విప్పడం నరకం. 1890లో చార్లెస్ వెల్చ్, టైరు అంచులో తీగ పెట్టి దానికి తగ్గ రిమ్ము తయారుచేశాడు. ఆ హక్కులు కంపెనీ కొనుక్కుంది. డన్‌లప్ మాత్రం కొన్నేళ్లకే బయటికొచ్చేశాడు. 1896లో కంపెనీ 30 లక్షల పౌండ్లకి అమ్ముడుపోయింది. ఆ సంపదలో ఆయనకి దక్కింది చాలా తక్కువ. 1921లో డబ్లిన్‌లో చనిపోయాడు.

ఇది చదివిన వారమే మా మినీ ప్రాజెక్ట్ ఐడియా ఎవరో ఎప్పుడో చేసేశారని తెలిసి, వదిలేద్దామనుకున్నాం. వదల్లేదు. పాతవాళ్ల పేరు రిపోర్టు మొదటి పేజీలోనే రాసి, వాళ్లు ఆపిన చోట నుంచి మొదలుపెట్టాం. థామ్సన్ ముందే కనిపెట్టినా, జానీ ఒళ్లునొప్పులు తగ్గించింది వాళ్ల నాన్నే కదా.

బాబాయి ట్యూబులతో సహా రేడియల్స్ వేయించాడు. పాత టైరు ఒకటి మాత్రం పారేయనివ్వలేదు. ఇప్పుడది మా పెరట్లో ఉంది.