పావులూరి మల్లన

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, ఎవరైన ఒక మహనీయుని జీవితమును గూర్చి వ్రాయుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. కవుల చరిత్రలు వ్రాయదగిన పండితులు మనలో పలువురు కలరు. చిట్టాలు, అడంగళ్ళు, జమాఖర్చులు తప్ప వేరెరుగని నావంటి గ్రామలేఖకుడు తనవాడని చెప్పుకొనదగిన ప్రాచీనకవి ఒక్కడే కనబడుచున్నాడు. అతడు పావులూరి మల్లన.

రాజరాజనరేంద్రుడు 1022 మొదలు 1061 వరకు వేంగిదేశము నేలెను. ఆ కొలువున నన్నయభట్టు భారతమును తెనిగించుచుండగా, ఆ కాలపువాడే యని పెద్దలు చెప్పెడి మల్లన లెక్కలను తెనిగించెను. ఇతడు కమ్మనాటిలోని పావులూరికి ప్రభువు. కమ్మనాడనగా నేటి బాపట్ల, ఒంగోలు ప్రాంతము. రాజు పిఠాపురము చెంతనున్న నవఖండవాడ యను గ్రామమును మల్లనకు దానమిచ్చెను. అయితే ఇతని తాత పేరును మల్లనయే. దానము పుచ్చుకొన్నవాడు తాతయనియు, గణితము రచించినవాడు మనుమడనియు కొందరు పండితులందురు. ఇరువురు నొక్కరే యని మరికొందరి మతము. భూమి ఎవరి పేర నున్నదో తేల్చుట నా వృత్తియే యైనను, తొమ్మిది వందల యేండ్ల నాటి ఈ పట్టాను తేల్చు సాహసము నేను చేయను. సబ్బవరము వారు అనకాపల్లిలో రైలెక్కి దక్షిణముగా పోయినచో పిఠాపురమున దిగవచ్చును. అంత దగ్గరివాడు మల్లన.

మల్లన చేపట్టిన మూలము గణితసారసంగ్రహము. రాష్ట్రకూట చక్రవర్తియైన అమోఘవర్షుని కాలమున, సుమారు 850 ప్రాంతమున, మహావీరాచార్యుడను జైనపండితుడు సంస్కృతమున దానిని రచించెను. మల్లన శివభక్తుడగుటచే మూలమునందలి జైనప్రసంగములను తొలగించి, తన దైవమునకు తగినట్లు ఉదాహరణములను మార్చుకొనెను. ఇట్లు పుట్టిన సారసంగ్రహగణితమును జనులు పావులూరి గణితమనియే పిలిచిరి. తెలుగున నేటికి లభించిన గణితగ్రంథములలో ఇదియే మొదటిది.

ఆ మూలగ్రంథపు తొలి అధికారమున నాకు మిక్కిలి యిష్టమైన భాగమొకటి కలదు. అది ధనర్ణముల విధి. ఉన్న సొమ్ము ధనము, తీర్పవలసినది ఋణము. ధనమును ధనముతో గుణించినను భాగించినను ఫలము ధనమే. ఒకటి ధనము, ఒకటి ఋణమైనచో ఫలము ఋణము. ఋణమును ఋణముతో గుణించినను భాగించినను ఫలము ధనము. ఈ విధిని అంతకు ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు చెప్పియుండెను. ఋణసంఖ్యకు వర్గమూలము లేదనియు మహావీరుడు గుర్తించెను. సున్నతో భాగించిన సంఖ్య మారదని మాత్రము పొరబడెను.

నలుగురన్నదమ్ములు 12 రూపాయల అప్పును పంచుకొన్నచో తలకు 3 రూపాయల అప్పు వచ్చును. ఇది ఋణమును ధనముతో భాగించుట, ఎవరికైనను తెలియును. ఋణమును ఋణముతో గుణించగా ధనమెట్లు వచ్చునని చదువరులు శంకింపవచ్చును. దినమునకు 3 రూపాయల చొప్పున అప్పు పెరుగుచున్న గృహస్థును తలపుడు. నాలుగు దినముల తరువాత అతడు నేటికంటె 12 రూపాయలు లోతున నుండును. నాలుగు దినముల క్రిందటనో? నేటికంటె 12 రూపాయలు మెరుగుగా నుండెను. వెనుకకు లెక్కించిన దినములు ఋణము, దినపు అప్పు ఋణము, ఫలము ధనము.

ఇది చదివి యెరుగుట వేరు, కలము చేతబట్టినప్పుడు జ్ఞప్తికి వచ్చుట వేరు. నేను పనిలో చేరిన క్రొత్తలో ఒక ఇంటి పంపకమునకు లెక్క వ్రాసితిని. నలుగురన్నదమ్ములు. వారి అప్పు వాయిదాలన్నియు అదివరకే ఋణముగా పద్దులో నెక్కియున్నవి. అప్పిచ్చిన షావుకారు దయతలచి, 3,000 రూపాయల వాయిదాలు నాలుగింటిని కొట్టివేసెను. నాలుగు ఋణములు పోయినవి గనుక 12,000 ధనముగా చేర్పవలసియుండగా, అప్పు మాట వినబడగానే నా చేయి ఆ మొత్తమును మరల ఋణముగా వ్రాసినది. తప్పు 12,000 కాదు, 24,000. తలకు 6,000 తరుగు. చిన్నవాడు తన భాగము చాలలేదని పెద్దవానిని అనుమానించెను. రెండు నెలలు వారు ఒకరింట నొకరు మంచినీళ్ళైన ముట్టలేదు. పద్దు మరల తిరగవేసి నేనే తప్పు కనుగొని, నలుగురిని పిలిచి చెప్పుకొంటిని. ఆనాటి నుండి ఋణమను మాట వ్రాయునపుడెల్ల ఒక్క క్షణమాగుదును.

మల్లన లెక్కలలో వినోదమునకును కొదువలేదు. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, ఇట్లు 64 గడులను రెట్టింపుచు పోయినచో మొత్తమెంతయో ఒక్క పద్యమున ఇమిడ్చెనని ప్రసిద్ధి. ఆ మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615. ఇరువది అంకెలను వృత్తమున నిలుపుటకు అతడు భూతసంఖ్యలను వాడెను: చంద్రుడన్న 1, వేదములన్న 4, బాణములన్న 5, ఆకాశమన్న సున్న. వీనిని కుడినుండి యెడమకు పేర్చుకొనవలెను. తెలియనివారికి అది చంద్రుడును సముద్రములును గల వర్ణనవలె తోచును!

మూలమున కంఠికలను గుణకారములును కలవు. ఫలము ముత్యాలపేరువలె ఇరువైపుల నొక్కతీరుగా నుండుట వాని సొగసు. 142857143ను 7తో గుణించినచో 1000000001 వచ్చును. రెండు కొసల రెండు ఒకట్లు, నడుమ సున్నల పేరు. మొన్న సాయంకాలము మన గ్రంథాలయమునకు వచ్చిన పిల్లలకు ఈ లెక్క నిచ్చితిని. ఇద్దరు సరిగా చేసిరి. ఒకడు మాత్రము ఒక సున్న విడిచి, పేరు తెగినదని నవ్వుచు మరల మొదలుపెట్టెను.