జోసెఫ్ లిస్టర్

జోసెఫ్ లిస్టర్ (ఏప్రిల్ 5, 1827 - ఫిబ్రవరి 10, 1912) సుప్రసిద్ధ బ్రిటిష్ శస్త్రవైద్యుడు. శస్త్రచికిత్సలో క్రిమినాశక పద్ధతికి ఆద్యుడు. గాయములోనే కరిగిపోయే క్యాట్‌గట్ దారమును క్రిమిరహితము చేసి వాడుకలోనికి తెచ్చినది కూడా ఇతడే. నేటి చిగుళ్ళ శస్త్రచికిత్సలో వాడే కరిగే కుట్టుదారముల చరిత్ర ఇతని ప్రయోగములతో ముడిపడి ఉన్నది.

బాల్యము, విద్య

లిస్టర్ ఇంగ్లాండులోని ఎసెక్స్ ప్రాంతమునకు చెందిన అప్టన్ గ్రామములో ఒక క్వేకర్ కుటుంబములో జన్మించాడు. తండ్రి జోసెఫ్ జాక్సన్ లిస్టర్ సూక్ష్మదర్శిని కటకములను మెరుగుపరచి పేరుపొందినవాడు. అందువలన సూక్ష్మదర్శిని లిస్టరుకు చిన్ననాటినుండి పరిచితమైనది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో చదివి 1852లో వైద్యపట్టా పొందాడు. 1853లో ఎడింబరో వెళ్ళి ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద పనిచేశాడు. 1856లో సైమ్ కుమార్తె ఆగ్నెస్‌ను వివాహమాడాడు. ఆమె జీవితాంతము ఇతని ప్రయోగములలో సహాయము చేసి, వివరములను వ్రాసిపెట్టేది.

క్రిమినాశక పద్ధతి

1860లో లిస్టర్ గ్లాస్గో విశ్వవిద్యాలయములో శస్త్రచికిత్సాచార్యుడైనాడు. మత్తుమందులు అప్పటికే వచ్చినందున శస్త్రచికిత్సలో రోగికి బాధ తగ్గినది కాని, ప్రాణభయము తగ్గలేదు. గాయము చీముపట్టి, కుళ్ళి, ఎందరో మరణించేవారు. గాలి చెడుగుణమే దీనికి కారణమని పలువురు నమ్మేవారు. పులియుటకు, కుళ్ళుటకు సూక్ష్మజీవులే కారణమన్న లూయీ పాశ్చర్ పరిశోధనలను రసాయనశాస్త్రాచార్యుడు థామస్ ఆండర్సన్ ద్వారా తెలుసుకొని, గాయము కుళ్ళుటకూ అదే కారణమై ఉండవచ్చునని లిస్టర్ గ్రహించాడు.

1865 ఆగస్టులో బండిచక్రము క్రింద పడి కాలి ఎముక విరిగి చర్మము చీలిన 11 సంవత్సరముల బాలునికి, కార్బాలిక్ ఆమ్లములో తడిపిన గుడ్డతో కట్టు కట్టాడు. ఆ రోజులలో ఇటువంటి గాయమునకు కాలు తీసివేయుటయే సాధారణ చికిత్స. గాయము చీముపట్టలేదు, సుమారు ఆరు వారములలో ఎముక అతుకుకొన్నది. ఈ అనుభవములను 1867లో లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. ఇతని వార్డులలో అవయవము తొలగించిన రోగులలో 1864-66 మధ్య 35 మందికి 16 మంది మరణించగా, కొత్త పద్ధతి వచ్చిన తరువాత 1867-69 మధ్య 40 మందికి 6గురు మాత్రమే మరణించారు.

కరిగే దారము

రక్తనాళమును పట్టుదారముతో కట్టి, దాని కొసలను గాయము వెలుపల పొడవుగా వదలుట ఆనాటి ఆచారము. దారము కుళ్ళి ఊడివచ్చేవరకు గాయము మానేది కాదు. ఊడేటపుడు రక్తస్రావమై రోగి మరణించే ప్రమాదముండేది. లిస్టర్ పట్టుదారమును కార్బాలిక్ ఆమ్లములో నానబెట్టి, కొసలను కత్తిరించి గాయమును మూసివేశాడు. 1868లో ఇట్లు ధమని కట్టబడిన ఒక స్త్రీ కోలుకొన్నది. సుమారు పది నెలల తరువాత ఆమె వేరొక కారణమున మరణించగా, పరీక్షలో దారము చుట్టూ కొద్దిగా చీము కనిపించినది. ఫలితము మంచిదే అయినా, లిస్టర్ తన పద్ధతిలోని లోపమును ఉపేక్షించలేదు.

శరీరము తనలో కలుపుకొనగల పదార్థము కొరకు వెదకి, గొర్రె ప్రేగులనుండి తయారయ్యే క్యాట్‌గట్‌ను ఎన్నుకొన్నాడు. 1868 చివర అప్టన్‌లోని తండ్రి ఇంటిలో ఒక దూడ ధమనిని క్రిమిరహితము చేసిన ఈ దారముతో కట్టి, నెల తరువాత పరీక్షించాడు. చీము లేదు; ధమని దృఢముగా మూసుకొని ఉన్నది. దారము స్థానములో సజీవ కణజాలము ఏర్పడినదని లిస్టర్ భావించాడు. ఎంజైములు దారమును జీర్ణము చేయుటయే ఇందులోని ప్రక్రియ అని తరువాత తెలిసినది. ఈ ఫలితములు 1869లో వెలువడినవి. దారము త్వరగా కరిగిపోకుండుటకు తరువాత క్రోమిక్ ఆమ్లముతో దానిని గట్టిపరచాడు.

తరువాతి జీవితము

1869లో ఎడింబరోలో సైమ్ స్థానమును పొందాడు. 1877లో లండన్ కింగ్స్ కాలేజీకి మారాడు. లండన్ వైద్యులు మొదట ఇతని పద్ధతిని సందేహించారు. విరిగిన మోకాలిచిప్పను వెండితీగతో కట్టి స్వస్థపరచుటతో వారి వైఖరి క్రమముగా మారినది. గాలిలోని క్రిములను చంపుటకు తాను ప్రవేశపెట్టిన కార్బాలిక్ తుంపర యంత్రము అనవసరమని తెలిసిన పిదప, 1890లో దానిని తానే బహిరంగముగా విడిచిపెట్టాడు. 1893లో భార్య మరణముతో మిక్కిలి క్రుంగిపోయాడు. 1895 నుండి 1900 వరకు రాయల్ సొసైటీ అధ్యక్షుడుగా ఉన్నాడు. 1897లో ప్రభువు బిరుదు పొందాడు. 1912లో కెంట్ ప్రాంతములోని వాల్మర్‌లో మరణించాడు.

చిగుళ్ళ శస్త్రచికిత్సలో

చిగురుపొరను విడదీసి పంటివేరును శుభ్రపరచిన పిమ్మట, పొరను యథాస్థానములో కదలకుండా నిలుపుటకు కుట్లు వేస్తారు. పట్టుదారము మెత్తనిది, ముడి చక్కగా నిలుస్తుంది. కాని అల్లిక దారమగుటచే లాలాజలమును, క్రిములను పీల్చుకొంటుంది. అందుచే సాధారణముగా 7 నుండి 10 రోజులలో దానిని తీసివేస్తారు. క్రోమిక్ గట్ దానంతట అదే కరుగుతుంది. 1970ల నుండి పాలీగ్లైకోలిక్ ఆమ్లము వంటి కృత్రిమ దారములు వాడుకలోనికి వచ్చి, ప్రేగుదారము స్థానమును చాలవరకు ఆక్రమించినవి. పదార్థము మారినను, పని పూర్తికాగానే శరీరములో కలిసిపోవు దారము కావలెనన్న లిస్టర్ ఆలోచనయే వీటికి మూలము.