సన్నీ టెర్రీ చరిత్రము

లౌకిక న్యాయములలో అంధపంగు న్యాయ మనునది యొకటి కలదు. గ్రుడ్డివాఁడు కుంటివానిని భుజములపై నెక్కించుకొనును. కుంటివాఁడు త్రోవ చూపును. ఒంటిగా నడవఁజాలని యిరువురును గలసి యూరు చేరుదురు. ఈ న్యాయము గ్రంథములయందే కాక మనుష్యుల జీవితములయందును గానవచ్చును. అమెరికా దేశమున మౌత్ ఆర్గను వాద్యమునకు గొప్ప గౌరవమును సంపాదించిన సన్నీ టెర్రీ చరిత్రమే యిందులకు నిదర్శనము. మన బాలురలో మౌత్ ఆర్గనును గిటారును వాయింప నుత్సాహపడువా రనేకులు. వీరు వేర్వేఱుగా వాయించునపుడు బాగుగనే యుండును గాని కలసి వాయించునపుడు శ్రుతి కుదరక విడిపోవుదురు. కావున నిట్టి వారికి ఉపయోగించునని యీ చరిత్రమును సంగ్రహముగా వ్రాయఁబూనితిమి.

ఇతని యసలు పేరు సాండర్స్ టెరెల్. ఇతఁడు 1911వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన జార్జియా రాష్ట్రమునందలి గ్రీన్స్‌బరోలో నల్లజాతి కుటుంబమున జన్మించెను. తండ్రి సేద్యము చేసికొని జీవించువాఁడు. నృత్యముల కనుకూలమగు పాటలను మౌత్ ఆర్గనుపై వాయించెడివాఁడు. కుమారునకు మొదటి గురువు నతఁడే. బాల్యముననే యొక ప్రమాదమున సన్నీకి ఒక కంటికి దెబ్బ తగిలెను. పదునాఱేండ్ల ప్రాయమున మఱియొక ప్రమాదమున రెండవ కన్నును చెడెను. చూపు పోయినవానికి పొలముపని సాగదు. ఆ కాలమున దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారికి ఇతర వృత్తులును సులభముగా లభించెడివి కావు. తండ్రి నేర్పిన యాటవస్తువు వంటి వాద్యమే యిఁక నతనికి జీవనాధార మయ్యెను.

నార్త్ కరొలైనా రాష్ట్రమున డర్హమ్ పట్టణము పొగాకు వర్తకమునకుఁ బ్రసిద్ధము. అచటి గిడ్డంగుల చెంత రైతులును కూలీలును గుమిగూడు వీధులలో సన్నీ వాయించి పొట్టపోసికొనుచుండెను. బ్లైండ్ బాయ్ ఫుల్లర్ అను పేరఁ బ్రసిద్ధుఁడైన గిటారు విద్వాంసునితో జత కుదిరెను. అతఁడును అంధుఁడే. వీరిరువురును 1937లో న్యూయార్కు నగరమున గ్రామఫోను రికార్డులకుఁ గలసి వాయించిరి. మఱుసటి సంవత్సరము డిసెంబరు 23వ తేదీన న్యూయార్కులోని కార్నెగీ హాలున నల్లజాతి సంగీతమును ప్రదర్శించుటకై జరిగిన గొప్ప సభలో సన్నీ పాల్గొనెను. రైలు పరుగును, నక్కను తఱుము వేఁటకుక్కల యఱపులును అతని వాద్యమున వినవచ్చెడివి; నడుమ నడుమ అతని కంఠమునుండి వెలువడు కూఁత యేదియో, వాద్యధ్వని యేదియో శ్రోతలకుఁ దెలియకుండెడిది.

ఈ వాద్యపు స్వభావమును ఇచట కొంచెము తెలుపవలసియున్నది. పది రంధ్రముల మౌత్ ఆర్గను ఒక్కొక్కటియు ఒక్కొక్క శ్రుతికే చేయఁబడును. లోపలి లోహపు రేకులు కర్మాగారమునందే శ్రుతి చేయఁబడినవి. సభలోఁ గూర్చుండి వానిని హెచ్చింపను తగ్గింపను వలనుపడదు. సి శ్రుతి వాద్యమును ఊఁదినచో పది రంధ్రములును సి, ఇ, జి అను మూఁడు స్వరములనే, అనఁగా షడ్జ గాంధార పంచమములనే పలుకును. మిగిలిన స్వరములు గాలిని లోనికిఁ బీల్చునపుడు వచ్చును. మొదటి నాలుగు రంధ్రములలోఁ బీల్చినచో డి, జి, బి, డి అను స్వరములు పలుకును. ఇవి జి శ్రుతికిఁ జెందిన కూటమి. అంతేకాక యిట్లు పీల్చునపుడు నోటి యాకృతిని మార్చి స్వరమును క్రిందికి వంచవచ్చును. మన గాయకుల గమకమువలె అది మనస్సును గరఁగించును.

కావున సన్నీ టెర్రీ వంటివారు సి శ్రుతి వాద్యముతో సి పాటను గాక, జి పాటను వాయింతురు. ఆంగ్లమున దీనికి క్రాస్ హార్ప్ అని పేరు. మన సంగీతము నేర్చినవారికి ఇది క్రొత్తగాదు. పంచమమును షడ్జముగాఁ జేసికొను గ్రహభేదమే యిది. శంకరాభరణమున కిట్లు చేసిన హరికాంభోజి యగును గదా. ఆ రాగమందలి కైశికి నిషాదమే, ఎఫ్ స్వరమై, ఐదవ రంధ్రమునఁ బీల్పునఁ బలుకును. దీనినుండి కలుగు సూత్రము సులభము: పాట శ్రుతికి మధ్యమ మేదియో, ఆ శ్రుతి వాద్యమును చేఁబట్టవలెను. పాట జి యైన సి వాద్యము. ఇ యైన ఏ వాద్యము. ఏ యైన డి వాద్యము. ఇందుచేతనే యీ వాద్యకారులు పలు శ్రుతుల వాద్యములను వెంటఁ గొనిపోవుదురు.

ఫుల్లరు 1941లో మరణించెను. ఆ కాలముననే సన్నీకి బ్రౌనీ మెక్‌గీ యను గిటారు విద్వాంసుఁడు తోడయ్యెను. బ్రౌనీ 1915లో టెనెసీ రాష్ట్రమందలి నాక్స్‌విల్లులోఁ బుట్టెను. చిన్నతనమున పోలియో వ్యాధిచే అతని కాలు చెడెను. అతని సోదరుఁడు బండిలోఁ గూర్చుండఁబెట్టి కఱ్ఱతోఁ ద్రోయుచు అతనిని ద్రిప్పెడివాఁడు. శస్త్రచికిత్స జరిగిన పిమ్మటఁ గాని నడక చక్కబడలేదు. ఇట్లు అంధుఁడును పంగువును గలిసిరి. ఇరువురును న్యూయార్కు చేరి, లెడ్ బెల్లీ యను ప్రసిద్ధ గాయకుని యింటఁ గొంతకాలముండి, ముప్పది యేండ్లకుఁ బైగా జతగా వాయించిరి.

ఇట్టి జతలో శ్రుతి కుదుర్చు భారము గిటారువానిపైననే యెక్కువగాఁ బడును. మౌత్ ఆర్గను శ్రుతి కదలదు, గిటారు కదలఁగలదు. గిటారు మెడపై వీణకు వలెనే మెట్లుండును. మెట్టు మెట్టునకును అరస్వరము హెచ్చును. కాపో యనునది తంత్రులన్నిటిని ఒక మెట్టుకడ నొక్కిపట్టు చిన్న బిగింపు. ఇ శ్రుతికి అలవాటుపడిన వ్రేళ్లతోనే వాయించుచు కాపోను మూఁడవ మెట్టున బిగించినచో పాట జి శ్రుతిలోఁ బలుకును. అప్పుడు సి వాద్యము సరిపడును. చేత ఏ వాద్యము మాత్రమే యున్నదనుకొందము. గిటారువానికి డి శ్రుతి వ్రేళ్లే వచ్చుననుకొందము. రెండవ మెట్టున కాపో బిగించిన పాట ఇ శ్రుతిలోఁ బలుకును. ఏ వాద్యము దానితో హాయిగాఁ గలియును. ఇందు బాలురు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన దొకటి యున్నది. గిటారువాఁడు తన వ్రేళ్ల పేరుఁ జెప్పరాదు, పలుకు శ్రుతి పేరుఁ జెప్పవలెను. మొదటి మెట్టున కాపో బిగించి ఇ యని చెప్పినచో, నిజముగాఁ బలుకునది ఎఫ్ గనుక, తోడివాఁడు తెచ్చిన ఏ వాద్యము ప్రతి స్వరమునను పోరాడును.

సన్నీ కీర్తి క్రమముగా వ్యాపించెను. 1947లో ఫినియన్స్ రెయిన్‌బో యను సంగీత నాటకమునను, 1955లో బ్రౌనీతోఁ గూడ కాట్ ఆన్ ఎ హాట్ టిన్ రూఫ్ అను నాటకమునను న్యూయార్కు రంగస్థలముపైఁ బాల్గొనెను. 1958లో జంటగా ఇంగ్లండునకు వెళ్లి వాయించిరి. వీధిలోఁ గానుకలకై చేయిచాఁచిన యంధుఁడు నాగరికులు టిక్కెట్లు కొని వినఁదగిన విద్వాంసుఁ డయ్యెను.

కాని చరిత్ర వ్రాయువారు సత్యమును దాఁచరాదు. కాలము గడచినకొలఁది ఈ యిరువురి మనస్సులు విఱిగెను. రంగస్థలముపైఁ బ్రక్కప్రక్కనఁ గూర్చుండి వాయించుచు కూడ, వెలుపల మాటలాడుకొనని స్థితికి వచ్చిరి. 1970వ దశకపు నడుమ నీ జత విడిపోయెను. 1982లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ మొట్టమొదటి జాతీయ వారసత్వ పురస్కారముల నిచ్చినపుడు వీరిరువురును గౌరవింపఁబడిరి. సన్నీ టెర్రీ 1986వ సంవత్సరము మార్చి 11వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి మినియోలాలో 74వ యేటఁ గాలధర్మము నొందెను. బ్రౌనీ 1996లోఁ బరమపదించెను.

తప్పెవరిదో నిర్ణయించుట మా పని కాదు. వాద్యముల శ్రుతి కలుపుటకు మూఁడంగుళముల కాపో చాలును. మనస్సుల శ్రుతి కలుపుటకు అంగడిలో నేవస్తువును దొరకదు. అయినను సూత్ర మొక్కటే. కదలఁజాలని వానికడకు కదలఁగలవాఁడు రావలెను. తాను నిజముగా నే మెట్టుననున్నాఁడో తోడివానికి దాఁపక చెప్పవలెను. సన్నీ బ్రౌనీలు తమ వాద్యములయందు దీనిని ముప్పది యేండ్లు పాటించిరి గనుకనే వారి పాటను లోకము నేఁటికిని వినుచున్నది. మన విద్యార్థులు ఆ శ్రుతిజ్ఞానమును వాద్యములయందును, స్నేహములయందును గూడ నలవఱచుకొందురుగాక యని కోరుచున్నాము.