డాక్టర్ వర్జీనియా ఆప్‌గార్

ప్రసవ గదిలో బిడ్డ కేరుమన్న ధ్వని వినబడగానే బయట నిరీక్షించే బంధువుల ముఖాలు వికసిస్తాయి. ఆ ఏడుపు వినబడనప్పుడు ఏమి చేయాలి? ఇరవయ్యో శతాబ్దపు పూర్వార్ధంలో ఈ ప్రశ్నకు క్రమబద్ధమైన సమాధానం లేదు. వైద్యుల దృష్టి ప్రధానంగా తల్లిపైనే ఉండేది. ఊపిరి అందక, నీలివర్ణంతో పుట్టిన శిశువు బ్రతకదని తలచి పక్కన ఉంచివేయడమూ జరిగేది. ఆ పసికందుల వైపు వైద్యలోకపు చూపును మరల్చిన మహిళ డాక్టర్ వర్జీనియా ఆప్‌గార్.

ఆమె 1909 జూన్ 7న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, వెస్ట్‌ఫీల్డ్ పట్టణంలో జన్మించారు. సోదరులలో ఒకరు పసితనంలోనే క్షయవ్యాధికి బలికాగా, మరొకరు దీర్ఘవ్యాధితో బాధపడ్డారు. వైద్యవిద్యపై ఆమెకు కలిగిన అనురక్తికి ఇదే బీజం కావచ్చు. 1933లో కొలంబియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాల నుండి పట్టభద్రురాలై శస్త్రవైద్యంలో శిక్షణకు చేరారు. ఆర్థికమాంద్యం ముమ్మరంగా ఉన్న రోజులవి. మహిళకు ఆ వృత్తిలో జీవనోపాధి దుర్లభమని భావించిన ఆచార్యుడు అలెన్ విపుల్, మత్తువైద్యం నేర్వవలసిందిగా ఆమెకు సూచించారు. నాడు అది చాలావరకు నర్సుల పని. వైద్యులలో దానికి గౌరవం తక్కువ. ఆప్‌గార్ వెనుదీయలేదు. శిక్షణ ముగించి 1938లో కొలంబియాకు తిరిగివచ్చి, ఆ విభాగానికి సారథ్యం వహించారు. 1949లో ఆ వైద్య కళాశాలలో పూర్తిస్థాయి ఆచార్య పదవి పొందిన తొలి మహిళ అయ్యారు. అయితే విభాగం స్వతంత్ర శాఖగా ఎదిగినప్పుడు ఆధిపత్యం మాత్రం ఒక పురుషునికే దక్కింది. ఆమె ప్రసూతి మత్తువైద్యం వైపు మరలారు. ఆ మలుపే ఆమెను చిరస్మరణీయురాలిని చేసింది.

నవజాత శిశువు స్థితిని అంచనా వేయడమెలా అని ఒకనాటి ఉదయం ఫలహారశాలలో ఒక విద్యార్థి అడుగగా, చేతికందిన కాగితంపై ఆమె ఐదు అంశాలు వ్రాసి చూపారని చెబుతారు. గుండె వేగం, శ్వాస, కండరాల బిగువు, తాకినప్పటి స్పందన, శరీరవర్ణం అనేవే ఆ ఐదు. ఒక్కొక్క దానికి సున్న, ఒకటి లేదా రెండు మార్కులు, మొత్తం పది. పుట్టిన నిమిషానికి లెక్కించాలి. యంత్రం అక్కరలేదు, ఖర్చు లేదు. చూసే కన్ను చాలు. 1952లో సభాముఖంగా వివరించి, 1953లో ప్రచురించిన ఈ పద్ధతి దేశదేశాల ప్రసవ గదులకు వ్యాపించింది.

మార్కులు చేతికి రాగానే అసలు ప్రశ్న ఎదురైంది. తల్లికి నొప్పి తెలియకుండా ఇచ్చే మందు మాయను దాటి బిడ్డకు చేరితే ఏమవుతుంది? సహచరులతో కలిసి ఆమె శిశువుల రక్తాన్ని పరీక్షించారు. మార్కులు తగ్గిన బిడ్డల రక్తంలో ప్రాణవాయువు తక్కువగా, ఆమ్లగుణం ఎక్కువగా కనిపించింది. తల్లికి సైక్లోప్రొపేన్ వాయువు ఇచ్చినప్పుడు బిడ్డ మందకొడిగా పుడుతున్నదనీ, వెన్నులో ఇచ్చే సూదిమందు వలన ఆ బాధ తక్కువనీ తేలింది. సైక్లోప్రొపేన్ ఆమెకు ఎంతో ఇష్టమైన మందు. అయినా ప్రసవాలలో దాని వాడకం మానివేశారు. తన వృత్తిలోని సాధనాన్నే దోషిగా నిలబెట్టగలగడం సామాన్యమైన విషయం కాదు.

తరువాత పన్నెండు సంస్థలలో 17,221 మంది శిశువులపై జరిగిన అధ్యయనం, ఐదో నిమిషపు మార్కులకు శిశువు మనుగడతోను, నాడీమండల వికాసంతోను సంబంధమున్నదని చూపింది. దీనిని ఒక్కొక్క బిడ్డ భావి తెలివితేటలకు కొలతగా భావించడం మాత్రం పొరపాటు. తక్షణ సహాయం ఎవరికి కావాలో చెప్పడమే దాని పని.

నేడు ఆ ప్రశ్న పసిపిల్లలకే ఇచ్చే మత్తుమందు వైపు సాగింది. మూడేళ్ల లోపు పిల్లలకు మూడు గంటలు మించి గాని, పలుమార్లు గాని మత్తు ఇస్తే మెదడు ఎదుగుదలకు హాని కలుగవచ్చునని 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఏడు దేశాలలో 722 మంది శిశువులపై జరిగి, 2019లో వెలువడిన పరిశోధన కొంత ఊరటనిచ్చింది. గంటలోపు పూర్తి మత్తు పొందినవారికీ, వెన్నుసూదితో మెలకువగా శస్త్రచికిత్స చేయించుకున్నవారికీ ఐదేళ్ల వయసులో తెలివితేటలలో తేడా కనబడలేదు.

ఆప్‌గార్ 1959లో ఆసుపత్రి ఉద్యోగం వదలి, పుట్టుకతో వచ్చే లోపాల నివారణకు కృషిచేసే మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థలో చేరి, కడదాకా తల్లుల నడుమ ప్రచారం సాగించారు. సంగీతం ఆమె రెండో ప్రాణం. వాయులీనం వంటి తీగ వాద్యాలను స్వయంగా చెక్కేవారు. ఆసుపత్రి టెలిఫోను గదిలోని చెక్కపలక వాద్యానికి అమోఘంగా సరిపోతుందని తోచగా, స్నేహితురాలితో కలిసి రాత్రివేళ దానిని ఊడదీసిన చిలిపితనం కూడా ఆమెదే. 1974 ఆగస్టు 7న న్యూయార్క్‌లో కన్నుమూశారు. 1994లో ఆమె చిత్రంతో తపాలా బిళ్ళ వెలువడిన సందర్భంగా పిల్లల వైద్యులు ఆమె చేతులతో రూపొందిన వాద్యాలనే మ్రోగించారు.