బ్రిస్టల్ నగర ప్రతినిధి ఎడ్మండ్ బర్కు

ఐర్లండు దేశమునందలి డబ్లిన్ నగరమున 1729వ సంవత్సరము జనవరి నెలలో ఎడ్మండ్ బర్కు జన్మించెను. తండ్రి న్యాయవాది, ప్రొటెస్టెంటు మతస్థుడు. తల్లి రోమన్ కాథలిక్కు కుటుంబమున పుట్టినది. ఆ కాలమున ఐర్లండు ప్రజలలో అత్యధికులు కాథలిక్కులేయైనను వారికి వోటు లేదు. పార్లమెంటులో స్థానము లేదు. భూములు కొనుటకును చట్టములు అడ్డుపడుచుండెను. తండ్రి వైపువారికి గల హక్కులు తల్లి వైపువారికి లేకుండుట ఆ బాలుడు చిన్ననాటినుండియు చూచుచునే పెరిగెను. బాలిటోర్ అను పల్లెయందు అబ్రహాం షాకిల్టన్ అను క్వేకరు ఉపాధ్యాయునియొద్ద విద్య నేర్చెను. ఇట్లు మూడు మతశాఖలవారితోడి సహవాసము ఆయనకు బాల్యముననే లభించెను.

డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో చదువు ముగించి, 1750లో న్యాయశాస్త్రము నభ్యసించుటకు లండను చేరెను. కాని మనస్సు చట్టముల పుస్తకములపై నిలువలేదు. గ్రంథరచన చేయుచు, 1758నుండి ఒక వార్షిక పత్రికకు సంపాదకుడుగా నుండుచు కొంతకాలము గడపెను. 1765లో రాకింగ్‌హాం ప్రభువు ప్రధానమంత్రి కాగా బర్కు ఆయనకు ఆంతరంగిక కార్యదర్శి యయ్యెను. ఆ యేడాది చివరనే వెండోవర్ అను చిన్న యూరి తరఫున కామన్సు సభకు ఎన్నికయ్యెను. వెండోవర్‌లో వోటరులు కొలదిమంది మాత్రమే. ఆ యూరిపై పెత్తనము గల వెర్నీ ప్రభువు ఎవరిని చూపిన వారినే వారు ఎన్నుకొనుచుండిరి. అట్టి స్థానమున గెలిచిన సభ్యుడు వోటరులకు జాబు వ్రాయవలసిన పని లేదు; లెక్క చెప్పవలసిన పని అంతకంటె లేదు.

ఆనాటి పార్లమెంటు పద్ధతిని కొంత తెలిసికొననిచో బర్కు చేసిన పనిలోని విశేషము బోధపడదు. సభలో భేదాభిప్రాయము కలిగినప్పుడు ఒక పక్షమువారు వెలుపలి వసారాలోనికి పోవుదురు. రెండవ పక్షమువారు లోపలనే యుందురు. ఉభయ పక్షములవారిని లెక్కించి సంఖ్యను మాత్రము వ్రాసికొందురు. ఎవరు ఎటు నిలిచిరో సభ ప్రకటింపదు. పేర్లతో కూడిన పట్టికలను సభయే ప్రకటించుట 1836లో గాని ఆరంభము కాలేదు. సభలోని ప్రసంగములను అచ్చువేయుట సయితము నేరముగా ఎంచబడుచుండెను. 1771లో కొందరు ముద్రాపకులు ఆ కట్టును మీరగా సభ వారిని శిక్షింపబూనెను. మార్చి 12వ తేదీ రాత్రి అల్పసంఖ్యాకులైన ప్రతిపక్షమువారు దానిని ఎదిరించి, మాటిమాటికి వోట్ల లెక్కింపు కోరుచు, తెల్లవారుజాము వరకు సభను ఇరువదిమూడు మారులు విడదీయించిరి. వారిలో బర్కు ప్రముఖుడు. వారు ఆ రాత్రి ఓడిపోయిరి. అయినను తరువాతి కాలమున పత్రికలు సభా ప్రసంగములను అచ్చువేయుచుండగా సభవారు క్రమముగా ఊరకుండిరి.

ఇక వోటరుల సంగతి ఇందుకు విపరీతము. వోటరు అందరి యెదుటను నిలిచి తాను కోరినవాని పేరును బిగ్గరగా చెప్పవలెను. అది పుస్తకమున వ్రాయబడును. పలుమారులు ఆ పుస్తకము అచ్చుపడి అంగళ్లలో అమ్ముడుపోవుచుండెను. రహస్యముగా వోటు వేయు పద్ధతి 1872లో గాని రాలేదు. అనగా ప్రతినిధి వోటు మరుగున నుండెను; అతనిని పంపినవాని వోటు వీధిని బడెను!

1774లో బర్కునకు వెండోవర్ చేజారెను. రాకింగ్‌హాం ప్రభువు తన చేతిలోని మాల్టన్ అను స్థానమును ఆయన కిచ్చెను. అచ్చట ఎన్నిక ముగియుచుండగనే బ్రిస్టల్ నగరమునుండి పిలుపు వచ్చెను. బర్కు రాత్రింబగళ్లు ప్రయాణము చేసి బ్రిస్టల్ చేరునప్పటికి పోలింగు ఆరంభమై కొన్ని దినములైనది. ఏవన్ నది యొడ్డున గల ఆ నగరము లండనుకు పిమ్మట చెప్పదగిన గొప్ప రేవులలో ఒకటి. వెస్టిండీసు దీవుల పంచదారయు, వర్జీనియా పొగాకును అచ్చటి ధక్కాలలో దిగుచుండెను. బానిసల వర్తకముచేతను ఆ నగరము ధనవంతమయ్యెను. అయిదువేల మందికి పైగా వోటరులుండిరి. స్త్రీలకు వోటు లేదు. పురుషులలోను కొందరికే కలదు. అయినను వెండోవర్‌తో పోల్చినచో అది సముద్రమే. పింగాణీ పాత్రలను చేయించు రిచర్డ్ చాంపియన్ అను క్వేకరు వర్తకుడు బర్కు పక్షమున మిక్కిలి పాటుపడెను. నవంబరు 3వ తేదీని ఫలితము ప్రకటింపబడెను. ఇద్దరు ప్రతినిధులలో అమెరికాలో పుట్టిన హెన్రీ క్రూగరు అను వర్తకుడు మొదటివాడుగాను, బర్కు 2,707 వోట్లతో రెండవవాడుగాను గెలిచిరి. మూడవ అభ్యర్థికి 2,456 వోట్లు వచ్చెను.

ఆ దినముననే బర్కు చేసిన ప్రసంగము నేటికిని రాజనీతి చదువువారు మరువలేదు. క్రూగరు ముందుగా లేచి, వోటరులు ఆజ్ఞాపించినట్లు నడచుకొనుట తన విధియని పలికెను. వినువారికి అది ఎంతో ఇంపుగా నుండెను. తరువాత లేచిన బర్కు వారికి ఇంపుగాని మాట చెప్పెను. ప్రతినిధి ప్రజల కోర్కెలను ఆదరముతో వినవలెననియు, వారి పనులకొరకు తన సుఖమును మానుకొనవలెననియు, అయినను తన బుద్ధిని అంతరాత్మను వారికి తాకట్టు పెట్టరాదనియు ఆయన తలంపు. వాదోపవాదములు విననివారు దూరముననుండి ముందే తీర్పు చెప్పి పంపినచో సభలో చర్చకు అర్థమేమున్నదని ఆయన అడిగెను. గెలిచిన దినముననే గెలిపించినవారితో ఇట్టి మాట చెప్పుటకు గుండె దిటవు కావలెను.

తన మాటలోని మొదటి సగమును బర్కు కొరత లేకుండ నెరవేర్చెను. నగర వర్తకుల పనులపై ఖజానా శాఖకును, సుంకపు కచ్చేరికిని, నౌకాదళ కార్యాలయమునకును తిరుగుచుండెను. 1775లో చాంపియను పింగాణీ పేటెంటు గడువు పెంచుటకై బిల్లును నడపి, దానికి అడ్డు తగిలిన జొసైయా వెడ్జ్‌వుడ్ వంటి ప్రసిద్ధ పారిశ్రామికుని ఎదిరించెను. రెండవ సగమునే పరీక్షింపవలసిన కాలము వచ్చెను.

అమెరికా వలసలకును ఇంగ్లండుకును కలహము ముదురుచుండెను. 1775 మార్చి 22వ తేదీని బర్కు సంధికై తీర్మానములు తెచ్చి గంటలకొలది ప్రసంగించెను. ఆయన పక్షమున 78 వోట్లును, ఎదురుగా 270 వోట్లును పడెను. యుద్ధము వచ్చెను. ఎన్నిమారులు వోటు వేసినను ఫలితము లేదని విసిగిన రాకింగ్‌హాం పక్షమువారు 1776 చివరనుండి అమెరికా విషయములు చర్చించునప్పుడు సభకు పోవుట మానిరి. ఆ సమయముననే, అమెరికాలో రాజద్రోహము చేసిరని అనుమానింపబడినవారిని విచారణ లేకుండ చెరలో నుంచుటకు వీలు కల్పించు చట్టము వచ్చెను. బర్కు దానిని ఎదిరించుచు వోటు వేయలేదు, సభలోనే లేడు.

బ్రిస్టల్‌లో గుసగుసలు బయలుదేరెను. పేర్ల పట్టికలు లేని కాలము గనుక ఆయన మిన్నకుండినను సాగిపోవునేమో. కాని బర్కు 1777 ఏప్రిల్‌లో ఆ నగర షెరీఫుల పేర ఒక దీర్ఘమైన లేఖ వ్రాసి, అచ్చువేయించి, అందరికిని తెలియజేసెను. తాను ఏల రాలేదో, ఆ చట్టము ఏల చెడ్డదో, యుద్ధము ఏల అన్యాయమో అందులో దాపరికము లేకుండ వివరించెను. కొలదిమంది చేయు సవరణలు చెడ్డ చట్టమునకు మంచి ముసుగు తొడుగుటకే పనికివచ్చునని ఆయన సమాధానము. ఈ సమాధానముతో అందరును ఏకీభవింపనక్కరలేదు. ఓటమి నిశ్చయమైనను సభలో నిలిచి వోటు వేయుటయే మేలనువారు నాడును ఉండిరి. వోటు వేయకుండుటకు సయితము లెక్క చెప్పవలెనని ఆయన తలంచుటయే ఇచ్చట గమనింపదగినది.

1778లో అంతకంటె గట్టి చిక్కు వచ్చిపడెను. ఐర్లండువారు తమ సరకులను వలసలకు నేరుగా ఎగుమతి చేయుటకు చట్టములు ఒప్పుకొనకుండెను. ఆ కట్టులను కొంత సడలించుటకు బిల్లులు రాగా బ్రిస్టల్ వర్తకులు భయపడిరి. ఐర్లండులో కూలి తక్కువ, కావున సరకు చవుక, కావున తమ వర్తకము చెడునని వారి లెక్క. బిల్లులను ఎదిరింపుమని నగర వర్తక సంఘమువారు బర్కునకు వ్రాసిరి. ఆయన వాటినే బలపరచుచుండెను. వర్తక సంఘాధ్యక్షునికి ఒక లేఖయు, ఇనుప సరకుల వర్తకులకు మరియొక లేఖయు వ్రాసి, ఆ రెంటిని అచ్చువేయించెను. వర్తకము కుండలోని నీరు కాదు, ఒకరు ముంచుకొన్న మరియొకరికి తరుగుటకు. ఐర్లండు బాగుపడినచో బ్రిస్టల్ సరకు కొనువారే పెరుగుదురు. ఆయన వాదమున సారమిదియే. ఇందువలన తన స్థానము పోవచ్చునని ఎరిగియే వ్రాయుచున్నట్లు గూడ ఆయన తెలిపెను. ఆ యేటి బిల్లులు చిక్కి సగమయ్యెను. అయినను 1780 నాటికి ప్రభుత్వమే ఆ కట్టులలో పెక్కింటిని తొలగింపవలసివచ్చెను.

ఆ 1778లోనే జార్జి సావిల్ అను సభ్యుడు కాథలిక్కుల బాధలను కొంత తగ్గించు బిల్లు తెచ్చెను. బర్కు దానికి తోడ్పడెను. బిల్లు చట్టమయ్యెను గాని ద్వేషము చావలేదు. 1780 జూన్‌లో ఆ చట్టమును తీసివేయవలెనని కేకలు వేయుచు లండనులో గుంపులు చెలరేగి, ఇండ్లను ప్రార్థనామందిరములను చెరసాలలను తగులబెట్టెను. వందలకొలది జనులు మరణించిరి. బర్కు ఇంటికి సైనికులు కావలి కాయవలసివచ్చెను. ఆయన మాత్రము ఇంట దాగక, తానెవరో చెప్పుచునే ఆ గుంపుల నడుమ నడచెను.

నాలుగవ నేరము అప్పుల చట్టమునకు సంబంధించినది. అప్పు తీర్చలేనివానిని, అప్పు ఇచ్చినవాని ఇష్టము వచ్చినంతకాలము చెరలో నుంచుట ఆనాటి పద్ధతి. చెరలో నున్నవాడు సంపాదించునదెట్లు, బాకీ తీర్చునదెట్లు? ఆ కాఠిన్యమును తగ్గించు బిల్లును బోషాం ప్రభువు తేగా, బర్కు దానికి అనుకూలుడయ్యెను. బ్రిస్టల్ వర్తకులు దానికి విరోధులు.

1780 సెప్టెంబరులో ఎన్నికలు వచ్చెను. 6వ తేదీని బర్కు బ్రిస్టల్ నగరమందిరమున నిలిచి, తనపై మోపిన నాలుగు నేరములను తానే వరుసగా ఎత్తి చెప్పెను: నగరమునకు తరచు రాలేదు, ఐర్లండు వర్తకమును సమర్థించెను, ఋణగ్రస్తులపై జాలి చూపెను, కాథలిక్కులకు మేలు చేసెను. మొదటిదానిలో కొంత నిజము కలదని ఆయనయే ఒప్పుకొనెను. తక్కిన మూటికిని క్షమాపణ కోరలేదు. అవి తాను తెలిసి చేసినవనియు, న్యాయమని చేసినవనియు వివరించెను. స్నేహితులు వీధివీధి తిరిగి వోట్లు లెక్కచూచిరి. ఆశ కనబడలేదు. అంతలో పోటీ చేయుచున్న కూంబ్ అనునతడు హఠాత్తుగా మరణించెను. మరునాడు, 9వ తేదీని, బర్కు ఆ మరణమును తలచుకొని నాలుగు మాటలు పలికి, వోటరులకు కృతజ్ఞత తెలిపి, పోటీనుండి తప్పుకొనెను. ఆయనను విడిచిన ఆ నగరముననే 1894లో ఆయన విగ్రహము నిలుపబడినది.

ఆయన ధైర్యము అన్ని విషయములందును సమముగా నుండెనని చెప్పరాదు. బానిసల వర్తకమును కట్టడి చేసి క్రమముగా తొలగించుటకై 1780 ప్రాంతమున ఒక చట్టపు ముసాయిదా వ్రాసియు, ఏండ్ల తరబడి దానిని పెట్టెలోనే యుంచెను. వోటు హక్కు పేదలకు విస్తరించుట ఆయనకు ఎన్నడును సమ్మతము కాలేదు. బ్రిస్టల్ పోయిన పిమ్మట మరల మాల్టన్ స్థానమునే స్వీకరించెను. వోటరుల ఆజ్ఞకు లోబడనివాడు ఒక ప్రభువు దయచేత సభలో కూర్చుండుట ఆయన సిద్ధాంతమునకు వెలితియే.

అయినను మాల్టన్ సభ్యుడుగానే, తనకు వోటు వేయుటకు వీలులేని మన దేశ ప్రజల పక్షమున ఆయన నోరు విప్పెను. ఆర్కాటు నవాబునకు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు హెచ్చు వడ్డీకి అప్పులిచ్చి, పల్లెల శిస్తులను తాకట్టు పట్టిరి. ఆ నవాబు రాజ్యములో నెల్లూరు సీమయు చేరియుండెను. 1785 ఫిబ్రవరి 28వ తేదీని బర్కు ఆ అప్పుల గుట్టు విప్పుచు, కర్ణాటక సీమయందు పూర్వపు రాజులు త్రవ్వించిన చెరువులను, అవి పూడిపోయిన తీరును, 1780లో హైదరలీ దండయాత్రచే ఆ సీమ పాడుపడుటను సభవారి కన్నులకు కట్టెను. ఆ తీర్మానము ఓడిపోయెను. వారన్ హేస్టింగ్సుపై 1788లో ఆరంభమైన విచారణను ఏడేండ్లు నడపెను. 1795లో హేస్టింగ్సు నిర్దోషియని తీర్పు వచ్చెను.

ఫ్రెంచి విప్లవమును ఖండించుచు 1790లో వ్రాసిన గ్రంథము ఆయనకు దేశదేశముల ఖ్యాతి తెచ్చెను. చిరకాల మిత్రులను దూరము చేసెను. 1794లో పార్లమెంటు విడిచెను. ఆ స్థానమునకే ఎన్నికైన ఏకైక కుమారుడు రిచర్డు కొలది దినములలో మరణించెను. ఆ దుఃఖమునుండి బర్కు తేరుకొనలేదు. 1797 జూలై 9వ తేదీని బీకన్స్‌ఫీల్డునందలి తన ఇంట కన్నుమూసెను. ఆ యూరి చర్చిలోనే ఆయన సమాధి కలదు.