సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యులు

మా ఎర్రగుంట్లలో బస్సెక్కి పెన్న దాటితే ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ళకూ, పత్తి వ్యాపారానికీ పేరుపడిన ఊరు. చిన్నప్పటి నుంచీ మా నాయన వెంబడి ఎన్నోసార్లు పోయినాను. అక్కడ అగస్త్యేశ్వరస్వామి గుడి ఉందని తెలుసు. తెలుగువాళ్ళు ఈనాటికీ నోరారా పాడుకునే శివతాండవం ఆ గుడి ప్రదక్షిణాల్లో పుట్టిందని మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. సైన్సు విద్యార్థికి కవిగారితో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. పని ఉంది. చివర మనవి చేస్తాను.

పుట్టపర్తివారు 1914 మార్చి 28న అనంతపురం జిల్లా చియ్యేడులో పుట్టినారు. తండ్రి శ్రీనివాసాచార్యులు పండితుడు. బాల్యమంతా పెనుగొండలో గడిచింది. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరది. కూలిన కోటగోడల నడుమ తిరిగిన ఆ పిల్లవాడు, ఇంకా మీసమైనా రాని వయసులో పెనుగొండలక్ష్మి అనే కావ్యం రాసినాడు. అదే ఊళ్ళో సంగీతం నేర్చినాడు, భరతనాట్యం నేర్చినాడు, నాటకాల్లో ఆడవేషం కట్టినాడు. అప్పటి సబ్ కలెక్టరు పిట్ దొర భార్య వద్ద ఇంగ్లీషు సాహిత్యం చదివినాడు. శ్రీవైష్ణవుల ఇంటి పిల్లవాడు గజ్జె కట్టడమేమి, దొరసాని వద్ద చదవడమేమి అని నలుగురూ అనుకునే రోజులవి.

పైచదువుకు తిరుపతి ప్రాచ్య కళాశాలకు పోయినారు. ఇక్కడొక విచిత్రం. విద్వాన్ పరీక్షకు ఆయన రాసిన పెనుగొండలక్ష్మే పాఠ్యపుస్తకంగా వచ్చింది. తన పుస్తకం మీద తానే పరీక్ష రాయవలసి వచ్చింది. చిన్న ప్రశ్నకు పుటలకు పుటలు జవాబు రాస్తూ కూర్చుంటే గంట కొట్టినారనీ, తక్కినవి మిగిలిపోయి పరీక్ష తప్పినారనీ చెప్పుకుంటారు. పరీక్షలకు భయపడే మనబోటివాళ్ళకు ఇంతకంటే ఊరట ఏముంది!

బతుకుతెరువు ఆయనను ఒకచోట నిలవనీయలేదు. ప్రొద్దుటూరులో, కడపలో తెలుగు పండితుడుగా పాఠాలు చెప్పినారు. తిరువాన్కూరు విశ్వవిద్యాలయంలో నిఘంటువు పని చేసినారు. ఢిల్లీలో కేంద్ర సాహిత్య అకాడమీలోనూ కొంతకాలం ఉన్నారు. ఒకదశలో మనసు విరిగి ఇల్లు విడిచి హిమాలయాల దారి పట్టినారు. రిషీకేశంలో స్వామి శివానంద సరస్వతి ఆయన విద్వత్తును చూసి సరస్వతీపుత్ర అని బిరుదిచ్చినారు. సన్యాసిగా మిగిలిపోకుండా మళ్ళీ ఇంటికీ, బడికీ తిరిగి వచ్చినారు. భార్య కనకమ్మగారు కూడా కవయిత్రే.

పోయిన ప్రతిచోటి నుంచీ ఒక భాష మూటగట్టుకొని వచ్చినారు. పద్నాలుగు భాషలు వచ్చునంటారు. విశ్వనాథవారి ఏకవీరను మలయాళంలోకి అనువదించినారు. మరాఠీ నుంచి ధర్మానంద కోసంబి రాసిన బుద్ధచరిత్రను తెలుగు చేసినారు. ఇంగ్లీషులోనూ కవిత్వం రాసినారు. పండరి విఠలుని భక్తుల కథలను ద్విపదలో పండరీ భాగవతంగా చెప్పిన చేత్తోనే, జైలులో ఉన్న విప్లవకారుడు మేఘంతో కబురంపినట్లు మేఘదూతం రాసినారు. సంస్కృతంలో త్యాగరాజ సుప్రభాతం కూర్చినారు. కీర్తనలు వందల్లో కట్టినారు.

ఇవన్నీ చిల్లర చదువులని ఎవరైనా అంటే శివతాండవం చూపించాలి. మొదట శివుని తాండవం, తర్వాత పార్వతి లాస్యం. గజ్జె కట్టిన కాలికి తెలిసిన తాళం అందులో ఉంది. సంగీతం నేర్చిన చెవికి తెలిసిన నాదం ఉంది. సంస్కృతం బాగా వచ్చినవాడై ఉండీ అచ్చతెలుగు పలుకుబడిని నమ్ముకున్న ధైర్యం ఉంది. పెనుగొండలో వృథాగా పోయిందనుకున్న కాలమంతా ప్రొద్దుటూరులో పంటకొచ్చింది.

1972లో పద్మశ్రీ, 1979లో జనప్రియ రామాయణానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినాయి. 1990 సెప్టెంబరు 1న కన్నుమూసినారు.

ఇప్పుడు నా మనవి. రెండేండ్ల కిందట నేను పిల్లనగ్రోవి నేర్చుకుంటానంటే మా నాయన ఒప్పుకోలేదు. బీయస్సీ చదువు, ఉద్యోగం చూసుకో, రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దు అన్నాడు. ఆయన భయం నాకు తెలియనిది కాదు, అప్పు చేసి చదివిస్తున్నాడు. అయితే అదే మా నాయన కొర్ర విత్తేటప్పుడు నడుమ నడుమ కంది సాళ్ళు వేస్తాడు. వాన ముందే మొగం చాటేస్తే ఒకటి పోతుంది, ఇంకొకటి నిలుస్తుంది. మొన్న సెలవుల్లో పుట్టపర్తివారి కథంతా చెప్పి ఈ మాట అన్నాను. ఆయన చాలాసేపు ఊరకుండి, సాళ్ళు ఎన్నివేసినా కలుపు తీసేవాడు ఒకడే గదరా అన్నాడు.

నిజమే. పుట్టపర్తివారు ఏ సాలులోనూ కలుపు వదలలేదు. ఆయన వద్ద మనం నేర్వవలసింది అది. పిల్లనగ్రోవి కొన్నాను. పరీక్షలు కూడా దగ్గరకొచ్చినాయి.