క్యాబేజీ తోటలో చక్రవర్తి

సింహాసనము నెక్కుటకు రక్తపాతము చేసిన రోమను ప్రభువులు పెక్కుమంది. తమంతట తాము దిగివచ్చినవారు మిక్కిలి అరుదు. అట్టివాడు డయొక్లీషియను.

అడ్రియాటిక్ సముద్రతీరమున సలోనా ప్రాంతమున సామాన్య కుటుంబమున జన్మించిన ఇతడు 284 నవంబరు 20న సైనికులచే చక్రవర్తిగా ప్రకటింపబడెను. అప్పటికి ఏబది యేండ్లుగా రోమను ప్రభువులలో అత్యధికులు తమవారి కత్తులకే బలియై యుండిరి. ఆ సైన్యపు రాజభక్తి ప్రొద్దున చిగిర్చి సాయంకాలమునకు వాడెడిది.

దానికి ఇతడు చేసిన చికిత్స తోటమాలి నేర్పువంటిది. 286లో మాక్సిమియనును సహచక్రవర్తిని గావించెను. 293లో గలేరియసును, కాన్‌స్టాంటియసును ఉపచక్రవర్తులుగా నియమించి, రాజ్యమును నాలుగు మడులు చేసెను. పెద్దలు తప్పుకొన్నపుడు ఈ నారే ఎదిగి నీడ నీయవలెనని యుద్దేశము. బంధుత్వము బలపడుటకై తన కుమార్తె వలేరియాను గలేరియసున కిచ్చెను. కలుపు తీయుటయు రాజధర్మమే యని తలచి, 303లో క్రైస్తవుల ప్రార్థనామందిరములను కూల్పించి, రోమను దేవతలకు అర్పణ చేయనివారిని హింసించెను. ఆ హింసలో మడిసిన సలోనా బిషప్పు డొమ్నియసు పేరనే, డయొక్లీషియను సమాధిమందిరము నేడు చర్చిగా వెలయుచున్నది!

305 మే 1న, రోగముచే కృశించిన ఇతడు నికోమీడియాలో రాజ్యత్యాగము చేసెను. ఇష్టము లేకున్నను మాక్సిమియను అదే దినమున మిలానులో తప్పుకొనవలసివచ్చెను. డయొక్లీషియను తన ఊదారంగు రాజవస్త్రమును విప్పి, గలేరియసు మేనల్లుడగు మాక్సిమినసు డాయా భుజములపై కప్పి, స్వదేశమునకు మరలెను. నేటి స్ప్లిటు నగరమున్నచోట సముద్రపుటొడ్డున కట్టించుకొన్న సౌధములో కూరగాయలు పెంచుకొనుచుండెను.

మూడేండ్లు గడచునప్పటికి మడుల గట్లు తెగినవి. వారసత్వము దక్కని రాకుమారులు తిరుగబడిరి. 308లో డాన్యూబు తీరమందలి కార్నుంటమున ప్రముఖులు సమావేశమైరి. మరల రాజ్యమేలుమని మాక్సిమియను ప్రభృతులు వేడగా, సలోనాలో తాను స్వహస్తములతో నాటిన క్యాబేజీలను చూచినచో వారట్లు కోరియుండరని ఇతడు సమాధానమిచ్చెనట. లోకము ఈ మాటను వైరాగ్యమునకు పరాకాష్ఠగా మెచ్చుకొనును. నాకు మాత్రము అంతటి మెప్పు కలుగదు. నారు పోసినవాడు నీరు పోయకపోవునా యని మన పెద్దల నమ్మకము. ఇతడు పోయలేదు.

311లో గలేరియసు మరణించెను. వితంతువగు వలేరియాను డాయా వివాహమాడగోరి, ఆమె నిరాకరింపగా, తల్లి ప్రిస్కాతో గూడ సిరియా ఎడారులకు వెడలగొట్టెను. కుమార్తెను తనకడకు పంపుమని వృద్ధుడు మాటిమాటికి దూతల నంపెను. తాను కప్పిన వస్త్రమును ధరించినవాడే ఆ మొర నాలకింపలేదు. కొలదికాలమునకే డయొక్లీషియను కన్నుమూసెను. పిమ్మట అధికారమునకు వచ్చిన లిసీనియసు, పదునైదు మాసములు మారువేషములతో తిరిగిన ఆ తల్లీకూతుండ్రను థెస్సలొనీకాలో పట్టి, శిరశ్ఛేదము చేయించి, కళేబరములను సముద్రమున పారవేయించెను.